జోకొట్టకూడని పిల్ల

గద్ద నెత్తిమీద తిరుగుతుంటే నిద్రకు పడే జంతువును మీరెక్కడైనా చూశారా? మేం చూశాం. పట్టపగలు, ముగ్గురు మనుషులం కళ్ళప్పగించి చూస్తుండగానే జరిగింది.

మాది గుండ్లకొండ. కదిరి వైపు అలాంటి కొండలకు కరువు లేదు. గుండు మీద గుండు పేర్చి, ఆ పేర్చినవాడు మధ్యలో అన్నానికి వెళ్ళిపోయినట్టుంటాయి. మా కొండకు మాత్రం చుట్టూ ఎత్తైన కంచె ఉంది. కంచె లోపల ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అతిథులున్నారు. వాటిని రాక్ వాలబీలంటారు. కంగారూకు చిన్న చెల్లెలి వరస. మేకపిల్లంత ఒళ్ళు, కుచ్చు తోక, బండ మీద జారని పాదాలు, ఆడదానికి పొట్ట దగ్గర సంచి. వాటి సొంత కొండలు వరుస వేసవుల్లో కాలిపోయాక, మిగిలిన కొద్దిపాటివాటిని అలాంటి రాళ్ళున్న దేశాలకు పంచారు. మా వంతుకు వచ్చినవాటికి ఊళ్ళోవాళ్ళు సంచికుందేళ్ళని పేరు పెట్టేశారు. కేంద్రాన్ని నడిపే డాక్టర్ తస్లీమా మేడం మొదట్లో "అవి కుందేళ్ళు కాదప్పా" అని కనబడిన ప్రతివాడినీ సరిదిద్దేవారు. కొన్నాళ్ళకు ఆవిడే జీపు దిగుతూ "సంచికుందేళ్ళు మేసినాయా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ రోజు కాపలా పాకలో నేనూ, నా భార్య హేమావతీ, మేడమూ కూర్చున్నాం. మందలో పెద్దది, మేం ముసలవ్వ అని పిలిచేది, పై గుండు మీద నిలబడి ఉంది. కొండగద్ద నీడ బండ మీద పడగానే ముసలవ్వ వెనక కాళ్ళు రెండూ ఎత్తి రాతి మీద కొట్టింది. ధబ్! వాటి భాషలో అది హెచ్చరిక. ఆ చప్పుడుకు మందంతా గుండ్ల మధ్య నెరియల్లో దూరిపోయింది. మేం పెంచి మందలో వదిలిన బొజ్జగాడు ఒక్కడే నడి బండ మీద మిగిలాడు. పరుగెత్తకపోగా తోక చుట్టూ తెచ్చుకుని, మూతి పొట్టలో దాచుకుని, కళ్ళు మూసుకున్నాడు. ముసలవ్వ మళ్ళీ ధబ్మని కొట్టింది. వాడు ఇంకా ముడుచుకున్నాడు.

గద్దకు తొందర కూడా లేకపోయింది. తీరిగ్గా దిగి ఎత్తుకుపోయింది. అంతకు ముందు వారం వాడి జతగాడు మాయమైతే ఎక్కడో నెరియలో ఉంటాడులే అనుకున్నాం. ఎలా మాయమయ్యాడో ఇప్పుడు తెలిసింది. ఆ ఇద్దర్నీ మోసి పెంచింది హేమే. పొట్టకు కట్టుకున్న సంచి మీద రెండు చేతులూ ఉంచుకుని నేల మీద కూలబడింది.

ఆ సంచి సంగతి చెప్పాలి. సంచికుందేలు తల్లికి ఒక చిత్రమైన గుణం ఉంది. ప్రాణభయం కలిగితే సంచి బిగువు వదిలేస్తుంది. పిల్ల జారి కింద పడుతుంది, తల్లి తేలికై పారిపోతుంది. కొత్త దేశం, కొత్త చప్పుళ్ళు. ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులో టపాకాయ పేలినా ఇక్కడ బండ మీద ఒక పిల్ల పడేది. మా అమ్మ అది చూసి "థూ, ఇదేం తల్లిరా!" అంది.

"అట్లనొద్దమ్మా," అన్నారు మేడం. "తల్లి బతికితే ఇంకో పిల్లను కంటాది. ఇద్దరూ సస్తే ఏముంది? దాని లెక్క దానిది."

మా అమ్మకు ఆ లెక్క ఇప్పటికీ నచ్చలేదు.

అలా పడిన పిల్లల కోసం వచ్చిందే తల్లిసంచి. మనిషి పొట్టకు కట్టుకుంటారు. లోపలి పొర మోసే మనిషి గుండె చప్పుడునూ, వేడినీ, చెమటనూ చదువుకుని, పక్కనున్న చిన్న డబ్బాలో పిల్ల వయసుకు తగిన పాలు కలుపుతుంది. మోసే మనిషికి ఆకలేస్తే ఆ సంగతి పాలలో తెలుస్తుంది. నిద్రొస్తే పొర మెత్తబడుతుంది. భయమేస్తే పాల వాసన మారుతుంది. వాటిని బాగు చేసే మెకానిక్కును నేను, పేరు ఓబులేసు. మొదట్లో మనిషి దేనికని వేడినీళ్ళ బొమ్మకు కట్టి చూశారు. పాలు సరిపోయినా పిల్లలు నిలవలేదు. గుండె ఉన్న మనిషే కావలసి వచ్చింది. అదీ మొదటినుంచి చివరిదాకా ఒక్కరే మోయాలి. మధ్యలో మనిషి మారితే పిల్ల పాలు మానేస్తుంది.

హేమను ఏరికోరి తీసుకున్నారు. నిదానమైన గుండె. కాళ్ళ దగ్గర పాము కనబడితే "పో తల్లీ, పక్కకు పో" అని దారి ఇచ్చే మనిషి. బొజ్జగాడు పోయిన రోజున ఆమె సంచిలో ఉన్నది చిన్నమ్మి. కొండ మీది ఆడవన్నీ ముసలివే, ఈనే వయసులో ఒకటో రెండో ఉంటే అవీ చివరి కాన్పుల్లో ఉన్నాయి. ముందు ముందు మందను పెంచాల్సిన ఆడపిల్ల ఇదొక్కటే. ఇది కూడా గద్ద పాలైతే ముసలివి కన్నుమూసే దాకా కాపలా కాయడం తప్ప మాకు పని లేదు.

బొజ్జగాడు ఎందుకలా చేశాడో తేల్చుకోవడానికి మేడం చిన్నమ్మికి చెవి పరీక్షలు చేశారు, రక్త పరీక్షలు చేశారు, పాలు పట్నం పంపారు. అన్నీ బాగున్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం సంచి పొర సరిచూద్దామని మీటరు ఇంటికి తెచ్చాను. దాని మీద రెండు గీతలు పాకుతుంటాయి. పైది మోసే మనిషి గుండె, కిందిది లోపలి పిల్ల గుండె. హేమ చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. మా పాప కుందనకు రెండో ఏడు నడుస్తోంది, నిద్రకు మారాం చేస్తోంది. హేమ దాన్ని దగ్గరకు లాక్కుని వీపు మీద జోకొట్టసాగింది. కాసేపటికి పాప కళ్ళు వాలాయి. మీటరులో కింది గీత కూడా వాలింది, లోపలి పిల్లా నిద్రకు పడింది.

కాకతాళీయమనుకున్నాను. అంతలో వంటింటి వసారాలో మా అమ్మ రోట్లో ఎండుమిరపకాయలు దంచడం మొదలుపెట్టింది. ధబ్, ధబ్. కొంచెం పైకి లేస్తున్న గీత మళ్ళీ బజ్జుంది. నేను లేచి మడమతో నేల మీద గట్టిగా తన్నాను. గీత ఇంకా కిందికి పోయింది.

"ఏమైంది? మొగం అట్ల పెట్టినావు," అంది హేమ.

"బొజ్జగాడు సంచిలో ఉన్నప్పుడు గూడా పాపను ఇట్లే పండబెట్టేదానివి కదా?"

"ఇట్ల కాక ఇంకెట్ల పండబెడతారు?" అని నవ్వబోయి ఆగిపోయింది. మీటరు వైపు చూసింది. తర్వాత పాప వీపు మీదున్న తన చెయ్యి చూసుకుంది. నేను చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

సంచిని తట్టకూడదు, ఊపకూడదు, లోపలి పిల్లతో మాట్లాడకూడదు. కేంద్రం పెట్టిన నియమాలన్నీ హేమ తు.చ. తప్పకుండా పాటించింది. పక్కన పడుకున్న సొంత బిడ్డను జోకొట్టకూడదని ఏ నియమంలోనూ లేదు. నియమాలు పెట్టినవాళ్ళు కూడా జోకొడితే నిద్రపోయి పెరిగినవాళ్ళే మరి. మన ఇళ్ళలో ధబ్ధబ్ మంటే ఎవరో బట్టలుతుకుతున్నారనో, కారం దంచుతున్నారనో, బిడ్డను పండబెడుతున్నారనో అర్థం. ఆ చప్పుడు వింటే ఇంట్లో అందరూ క్షేమమే. కొండ మీద ఆ చప్పుడుకు ఒకటే అర్థం, పారిపొమ్మని.

మర్నాడు మేడం కూడా కొట్టి చూశారు, కొయ్యతో కొట్టారు, రాయితో కొట్టారు. ప్రతిసారీ చిన్నమ్మి హాయిగా నిద్రపోయింది. ఆవిడ మీటరు పక్కన పెట్టి "ఇంత లావు రిపోర్టు రాస్తినప్పా, ఒక్క పేజీలో గూడా జోల లేదు" అన్నారు. నవ్విద్దామని అన్నారు గానీ ముగ్గురికీ నవ్వు రాలేదు.

"ఇప్పటినుంచి జోకొట్టకపోతే సరిపోదా మేడం?" అన్నాను.

"నేర్చుకున్యాది పోదు ఓబులేసూ. దాని మీద ఇంకోటి నేర్పల్ల. ఆ చప్పుడు ఇన్నప్పుడంతా దానికి భయం తెలియల్ల. దానికి భయం యాన్నుంచి వస్తాది? మోసే మనిషినుంచే. మందిచ్చి హేమ గుండె ఉరికిచ్చొచ్చు, కానీ ఆ మందు పాలల్లోకి దిగుతాది. అది నేను చెయ్యను." మేడం ఆగి హేమ వైపు చూశారు. "నువ్వు నిజంగా భయపడల్ల తల్లీ."

"నా మొగుడే ఇంతవరకూ నన్ను భయపెట్టలేకపోయినాడు మేడం," అంది హేమ.

ఆ మాట అక్షరాలా నిజమని తర్వాతి రోజుల్లో తేలింది. నేల చదును చేసే దిమ్మిస ఒకటి తెచ్చాం. నేను గుండు వెనక నుంచి దాన్ని బండ మీద వదలాలి, అదే క్షణంలో హేమ అదిరిపడాలి. నల్ల గొంగడి కప్పుకుని దూకాను. "మోకాలు జాగ్రత్త" అంది. మా అమ్మ జుట్టు విరబోసుకుని వచ్చి కేకలు పెట్టింది. హేమ పొట్ట పట్టుకుని నవ్వింది, సంచి కూడా ఎగిరెగిరి పడింది. ఇంతలో చిన్నమ్మికి ఒంటి మీద నూగు దిగింది, కళ్ళు తెరిచింది. బయటకు వచ్చే రోజు దగ్గర పడుతోంది.

అప్పుడు జరిగింది. ఆ వేళ పాప ఇంట్లో నిలవనంటే కొండకు వెంట తెచ్చుకున్నాం. హేమ పరుపు బండ మీద కూర్చుని ఉంది. నేను దిమ్మిస రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. కుందన ఒక తొండ వెంట పడి పోతోంది. ఆ బండ చివర ఇల్లెత్తు గండి ఉందని నాకు తెలుసు, హేమకు తెలుసు, పాపకు తెలియదు.

నా చేతుల్లోంచి దిమ్మిస జారిపోయింది. ధబ్! ఆ చప్పుడుకు హేమ తల తిప్పి పాపను చూసింది. నేను పరుగెత్తి గౌను పట్టుకుని లాగేసరికి పాప ఒక కాలు బండ అంచు దాటి ఉంది. హేమ లేవలేకపోయింది. సంచిని రెండు చేతులా పొట్టకేసి అదిమి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"ఏం చూస్తాండావయ్యా నువ్వు, ఆ పాడు దిమ్మిస పట్టుకోని!" అని నన్ను తిట్టింది, పాపను ముద్దులు పెట్టింది, ఒకటి అంటించింది, మళ్ళీ ఏడ్చింది. కింద పడి ఉన్న మీటరు చూశాను. రెండు గీతలూ ఒక్కసారే పైకెగసి ఉన్నాయి. సంచి లోపల చిన్నమ్మి గోళ్ళతో గుడ్డను పట్టేసుకుంది.

ఇంటికి వచ్చేదారిలో హేమ అడిగింది. "అది నేర్చుకున్యాదా?"

"ఒకసారికి యాడ నేర్చుకుంటాది?" అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

"సరే. నాకు దోవ దొరికిందిలే."

మర్నాటి నుంచి హేమ పరుపు బండ మీద కూర్చుని కళ్ళు మూసుకునేది. కాసేపటికి వేలెత్తేది. నేను దిమ్మిస వదిలేవాణ్ణి. రెండు గీతలూ పైకి లేచేవి. ఆమె చేతులు సంచిని అదుముకునేవి. మూసిన కళ్ళ వెనక ఏం చూస్తోందో నాకు తెలుసు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నేనొచ్చి పాపను పట్టుకుంటానా, లేదా?"

"నువ్వు పట్టుకుంటే నాకు భయమెందుకేస్తాది?" అంది.

అంటే రోజూ, అన్నిసార్లూ, ఆమె కళ్ళ ముందు మా బిడ్డ పడిపోతూనే ఉంది. నేను రోజూ ఆలస్యంగానే వస్తున్నాను. ఆ సంగతి తెలిశాక దిమ్మిస ఎత్తాలంటే నాకు చేతులు రాలేదు. అయినా ఎత్తాను.

హేమ చిక్కిపోయింది. అన్నం కలుపుతూ ఉన్నట్టుండి "కుందనా!" అని కేక పెట్టేది. పాప పక్కనే ఉండేది. దాన్ని మా అమ్మ దగ్గర వదలమంటే వినేది కాదు, కళ్ళు తెరవగానే ఎదురుగా కనబడాలనేది. అందుకని దిమ్మిస పడే వేళ కూడా పాప తల్లి చంకలోనే ఉండేది. ఇంట్లో జోకొట్టడం ఆగిపోయింది. ఎత్తుకుని తిప్పితే తప్ప నిద్రపోయేది కాదు.

నిదానమైన గుండె అని మెచ్చుకున్న మేడమే ఒకరోజు మీటరు చూసి కట్టేశారు. "ఇంక చాలు హేమా. ఒక జంతువు కోసరం మనిషిని నేను ఇట్ల చెయ్యలేను. ఆపేద్దాం."

"బొజ్జగాన్ని నా చేత్తోనే జోకొట్టి గద్దకేసినా మేడం," అంది హేమ. కంటి నీళ్ళు తుడుచుకోలేదు. "నాకు తెలీకనే చేసినా. అయినా చేసింది నేనే కదా. ఇది గూడా అట్లే పోతే, ఈ చెయ్యి పాప మీద ఎట్ల పెట్టేది? ఆపొద్దు."

మేడం మీటరు మళ్ళీ పెట్టలేదు. పక్కన కూర్చుని హేమ భుజం పట్టుకున్నారు. హేమ వేలెత్తింది. నేను దిమ్మిస వదిలాను.

వానలు వెనకబట్టాక, కొండంతా పచ్చగా ఉన్న రోజుల్లో చిన్నమ్మిని వదిలాం. మొదట రెండు గంతులేసి తిరిగి వచ్చి సంచిలో తల దూర్చింది. తర్వాత్తర్వాత రావడం తగ్గించింది. పాకలో కూర్చుని మేం ఎదురుచూసింది గద్ద కోసమంటే నమ్ముతారా? రాకూడదనీ ఉండేది, వచ్చి తేల్చేస్తే బాగుండుననీ ఉండేది.

ఒక ఉదయం వచ్చింది. నీడ బండ మీద పాకింది. ముసలవ్వ కాళ్ళు కొట్టింది. ధబ్!

చిన్నమ్మి నడి బండ మీద గడ్డి పోచ నములుతోంది. చప్పుడు వినగానే నమలడం ఆపింది. తోకను నెమ్మదిగా చుట్టూ తెచ్చుకుంది. హేమ గోళ్ళు నా చేతిలో దిగాయి. పాత అలవాటు ముందు వచ్చింది, భయం ఇంకా రాలేదు. ముసలవ్వ మళ్ళీ కొట్టింది. అప్పుడు చిన్నమ్మి ఒళ్ళంతా అదిరింది. ఒక్క గెంతు, రెండో గెంతు, నెరియలో పడింది. గద్ద ఒక చుట్టు తిరిగి, మరో చుట్టు తిరిగి, ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయింది.

మేడం నేల మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చారు. హేమ చెప్పులు కూడా లేకుండా నెరియ దగ్గరకు పరుగెత్తింది. ఆమె అడుగుల చప్పుడుకు చిన్నమ్మి మొహం ఒకసారి బయటకు కనబడింది. మోసి పెంచిన మనిషిని చూసింది. చటుక్కున ఇంకా లోపలికి దూరిపోయింది.

"చూడు, నన్ను చూసి గూడా పారిపోతాంది!" అని హేమ వెనక్కి తిరిగి మాకు చెప్పింది. అంత సంతోషమూ అంత దుఃఖమూ ఒకే మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం నెలల తర్వాత హేమ పొట్ట మీద సంచి లేదు. పాపను చాప మీద పడుకోబెట్టుకుంది. "ఇంగ మనకు భయమేముందే నా తల్లీ" అని వీపు మీద చెయ్యి వేసి మెల్లగా జోకొట్టింది.

కుందన కళ్ళు తెరిచింది. లేచి కూర్చుంది. ఏడవలేదు. తల్లి మొహం చూసింది, వాకిలి వైపు చూసింది, రెండు పిడికిళ్ళతో తల్లి కొంగు పట్టుకుంది. హేమ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

అన్ని నెలలూ తల్లి గుండెకు ఆనుకుని ఆ చప్పుడు విన్నది చిన్నమ్మి ఒక్కతే కాదు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మా అమ్మ రోట్లో రోకలి తీసి గోడకు ఆనించింది. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు, కారం మిల్లులో పట్టించుకొస్తోంది. పెద్దయ్యే కొద్దీ పాప మరిచిపోతుందని మేడం అన్నారు. హేమ తలూపింది. అప్పటినుంచి వీపు నిమిరి, చప్పుడు చేయకుండా నిద్రపుచ్చడం నేర్చుకుంది.

మరుసటి ఏడాది చిన్నమ్మి సంచి బరువెక్కింది. నాకు సంతోషం కంటే గుబులు ఎక్కువైంది. భయం నేర్పించాం సరే. భయపడిన తల్లి ఏం చేస్తుందో మాకు తెలుసు కదా. అందుకని పిల్ల పడితే ఎత్తుకోవడానికి మెత్తటి గుడ్డా, ఒక కొత్త తల్లిసంచీ పాకలో సిద్ధంగా పెట్టుకున్నాను. కుందన కూడా మాతోనే కొండకు వచ్చి, పాక ముందు రాళ్ళతో ఆడుకుంటోంది.

గద్ద వచ్చింది. ముసలవ్వకు కాళ్ళు పట్టు తప్పాయి గానీ చప్పుడు తగ్గలేదు. ధబ్! చిన్నమ్మి ఈసారి ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. గెంతి నెరియలో పడింది. గద్ద వెళ్ళీ వెళ్ళకముందే నేను గుడ్డ పట్టుకుని బండ మీదకు పరుగెత్తాను. నడి బండ వెదికాను, అంచులు వెదికాను, సందులన్నీ వెదికాను. ఎక్కడా పిల్ల లేదు.

"ఓబులేసూ, ఇట్లా రా," అన్నారు మేడం. బైనాక్యులర్సు నా చేతికిచ్చారు. నెరియ లోపల చిన్నమ్మి వణుకుతోంది. ముందు కాళ్ళు రెండూ పొట్టకేసి ముడుచుకుని ఉంది. సంచి మూతి బిగించి ఉంది. అందులోంచి సన్నటి పాదం ఒకటి బయటకు పొడుచుకుని కనబడుతోంది.

"ఇది యాడ నేర్చుకున్యాది?" అన్నారు మేడం. "వీటి జాతిలోనే లేదు."

హేమ తన రెండు చేతులనూ చూసుకుంది. "భయమేసినప్పుడంతా సంచి గట్టిగా పట్టుకుంటి కదా మేడం," అంది. "ఒకసారి గూడా ఇడిసిపెట్టల్యా."

అప్పుడే చూశాను. ధబ్మన్న చప్పుడుకు కుందన రాళ్ళు పారేసి వచ్చి తల్లి మోకాళ్ళను రెండు చేతులా వాటేసుకుని ఉంది. హేమ చెయ్యి అలవాటుగా దాని వీపు మీదకు లేచింది, మధ్యలో ఆగింది. తర్వాత చప్పుడు కాకుండా వీపుకు ఆనించి, అక్కడే ఉంచింది.